వాటికనస్ ప్రతిలో ఆ ఖాళీ కాలమ్ దేనికి సాక్ష్యం?

అక్షరలెక్క: మార్కు సువార్త 16:9–20 ప్రక్షిప్తం (తర్వాత ఎవరో చేర్చింది) అనేవాళ్లు ముందుగా చూపించేది 4వ శతాబ్దపు గ్రీకు బైబిల్ చేతిరాత ప్రతులు వాటికనస్, సినాయిటికస్‌లని. స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదన్న 16:8తోనే రెండూ ఆగిపోతాయి. మన తెలుగు బైబిల్లో ఉన్న తర్వాతి పన్నెండు వచనాలు వాటిలో లేవు. సరే, కానీ వాటికనస్ 1303వ పేజీ తెరిచి చూడండి, వాటికన్ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది. పేజీకి మూడు కాలమ్‌లు. మార్కు రెండో కాలమ్‌లో అయిపోతుంది, మూడోది పూర్తిగా ఖాళీ, లూకా తర్వాతి పేజీలో మొదలవుతుంది. లేఖకుడికి పొడుగు ముగింపు, అంటే ఆ పన్నెండు వచనాలు, తెలుసు, దానికోసమే చోటు వదిలాడు. కాదంటారా?

తోలుప్రతి: అదే ప్రతిలో పాత నిబంధన కూడా తిరగేయండి. నెహెమ్యా తర్వాత, తోబీతు తర్వాత, దానియేలు తర్వాత కూడా ఖాళీలున్నాయి. ఖాళీ కనిపించిన ప్రతిచోటా పోయిన పాఠం వెతుకుతామా?

అక్షరలెక్క: ఆ మూడింటికీ కారణాలు కనిపిస్తూనే ఉన్నాయండీ. కీర్తనలు రెండు కాలమ్‌ల పేజీల్లో రాశారు కాబట్టి నెహెమ్యా తర్వాత కొత్త పేజీ కావాల్సి వచ్చింది. తోబీతు దగ్గర లేఖకుడు మారాడు. దానియేలుతో పాత నిబంధనే అయిపోయింది. మార్కు నుంచి లూకాకి వెళ్లేటప్పుడు చెయ్యి మారలేదు, పేజీ తీరూ మారలేదు.

తోలుప్రతి: ఆ తేడా ఒప్పుకుంటాను. అయితే చోటు సరిపోతుందో లేదో లెక్కేద్దాం. కాలమ్‌కి 42 పంక్తులు. మార్కు 31వ పంక్తిలో ముగిసింది. మిగిలిన 11, ఖాళీ కాలమ్‌లో 42, మొత్తం 53 పంక్తులు. పంక్తికి సగటున 17 అక్షరాలనుకుంటే 901. పన్నెండు వచనాలకి గ్రీకులో దాదాపు 970 అక్షరాలు కావాలి. నాలుగు పంక్తులు తక్కువ పడుతున్నాయి, పైగా చివర గ్రంథనామానికీ చోటుండాలి.

ఈ లెక్కలో చాలామంది తప్పేది ఒకచోట. అచ్చుపుస్తకంలోని పాఠాన్ని ఉన్నదున్నట్టు లెక్కపెడతారు. లేఖకులు ప్రభువు, యేసు, దేవుడు అనే పదాల్ని రెండక్షరాలకి కుదించి రాసేవారు. ఈ భాగంలో దానివల్ల మిగిలేది ఓ పదిహేను అక్షరాలే, కాబట్టి ఫలితం మారదు.

అక్షరలెక్క: కాస్త ఒత్తుగా రాస్తే పట్టేస్తుంది. చోటు వదిలినవాడి ముందు ఆ పాఠం లేకపోయి ఉండొచ్చు, గుర్తున్నంతలో అంచనా వేసి వదిలి ఉండొచ్చు. ఇంకో సంగతి: తొలినాటి క్రైస్తవ బిషప్ ఇరేనియస్ దాదాపు 180లో 16:19ని ‘మార్కు సువార్త చివర’ ఉన్న మాటగానే ఉదహరించాడు. మీ రెండు ప్రతులకంటే అది నూటయాభై ఏళ్లు పాతది.

సువార్తపాఠకుడు: పాతదే, కాదనను. పాతదైనంత మాత్రాన మార్కు రాసినట్టేనా? 8వ వచనంలో కర్త స్త్రీలు. గ్రీకులో 9వ వచనం ‘లేచి’ అని మొదలవుతుంది, లేచిందెవరో పేరు లేదు. మగ్దలేనే మరియ 15:40, 15:47, 16:1లో ఇప్పటికే మూడుసార్లు వచ్చింది. అయినా 9వ వచనం ఆమెను ‘ఏడు దయ్యాలు వదిలిన ఆమె’ అంటూ కొత్తగా పరిచయం చేస్తుంది. నన్నడిగితే ఖాళీ కాలమ్ కంటే ఈ అతుకే బలమైన సాక్ష్యం. వేరేచోట ముందే ఉన్న పునరుత్థాన వృత్తాంతాన్ని తెచ్చి ఇక్కడ కలిపారు.

తోలుప్రతి: 4వ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యుసేబియస్ జవాబు కూడా ఇక్కడ చూడాలి. మరినస్ అనే ఆయన అతన్ని అడిగింది ఇది: పునరుత్థానం మత్తయిలో విశ్రాంతిదినం గడిచే వేళ, మార్కులో తెల్లవారుజామున. ఏది నిజం? యుసేబియస్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, సరైన ప్రతులు 16:8తోనే ముగుస్తాయి కాబట్టి ఆ భాగాన్ని పక్కన పెట్టొచ్చు. రెండోది, ఉంచుకునేవాళ్లు ‘లేచి’ తర్వాత విరామం ఇవ్వాలి, అప్పుడు ‘తెల్లవారుజామున’ అన్నది మరియకు కనిపించిన సమయం అవుతుంది. అంటే 4వ శతాబ్దం నాటికే రెండు పాఠాలూ వాడుకలో ఉన్నాయి, వాటికనస్ లేఖకుడికి రెండూ తెలిసుండటం సహజమే. నా అభ్యంతరం ఒక్కటే: తెలిసి కూడా అతను రాయలేదు. ఖాళీ కాలమ్‌ని సాక్ష్యంగా పిలిస్తే, ఆ రాయకపోవడం కూడా ఆ సాక్ష్యంలో భాగమే.

అక్షరలెక్క: అది న్యాయమైన మాటే. సినాయిటికస్‌ని మాత్రం మరో స్వతంత్ర సాక్షిగా లెక్కేసేముందు ఒకటి గమనించండి. మార్కు చివర, లూకా మొదలు ఉన్న ఆ జంట ఆకులు (ఒకే తోలుని మధ్యకి మడిచినవి) మొదట కట్టినవి కావు, పాతవి తీసేసి మళ్లీ రాసి పెట్టినవి. తీసేసిన ఆకుల్లో ఏముందో తేలేదాకా ఆ సాక్ష్యాన్ని నేను సగమే తీసుకుంటాను.