చిప్ లోపలి ఫోటోలు మైక్రోస్కోప్‌తో తీయడం ఎలా?

ప్రశ్న:
పాత చిప్‌ల లోపలి గీతల్ని అబ్‌స్ట్రాక్ట్ ఫోటోలుగా తీయాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఇంట్లో బయాలజీ మైక్రోస్కోప్ ఉంది కానీ దాని కింద చిప్ పెడితే అంతా నల్లగానే కనిపిస్తోంది. అందరూ పెట్టే ఫోటోల్లో ఆ ఆకుపచ్చ, గులాబీ రంగులు నిజంగా చిప్‌లోనే ఉంటాయా, తర్వాత వేస్తారా?

జవాబు 1:
మీ మైక్రోస్కోప్‌లో వెలుతురు కింద నుంచి వస్తుంది, సిలికాన్ గుండా అది పోదు, అందుకే నలుపు. లెన్స్ గుండానే పైనుంచి వెలుతురు పడే మెటలర్జికల్ మైక్రోస్కోప్ కావాలండీ. రంగులు చాలావరకు నిజమే. చిప్ మీదుండే పలుచని ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది, వాన పడ్డాక రోడ్డు మీద ఆయిల్ మరకలో రంగులు కనిపిస్తాయి చూడండి, అలాగే. మైక్రోస్కోప్‌కు తగిలించే నొమార్‌స్కీ ప్రిజం అనే అదనపు భాగం ఉంటే ఎత్తుపల్లాలు కూడా తేలతాయి, ఆ అందమే వేరు.

జవాబు 2:
పాత ఈప్రామ్ (డేటా చెరిపి మళ్లీ రాయగలిగే మెమరీ) చిప్‌తో మొదలుపెట్టండి. అతినీలలోహిత కిరణాలతో డేటా చెరపడానికి దాని పైన క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది, దేన్నీ పగలగొట్టక్కర్లేదు. మామూలు చిప్ మీది నల్ల ప్లాస్టిక్ తొడుగును నైట్రిక్ యాసిడ్‌తో కరిగించే పని మాత్రం ఇంట్లో దయచేసి వద్దు, ఆ పొగ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

జవాబు 3:
ఫోటోలకు పాతవే మంచివి. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసర్లో ఉన్నవి సుమారు 2,300 ట్రాన్సిస్టర్లే, గీతలు 10 మైక్రాన్లు (మిల్లీమీటరులో వందో వంతు), కాబట్టి స్పష్టంగా కనిపిస్తాయి. డిజైన్ చేసిన ఫెడెరికో ఫాజిన్ తన పొడి అక్షరాలు ఎఫ్.ఎఫ్. దాని మీదే చెక్కుకున్నారు! ఇప్పటి ప్రాసెసర్లలో ట్రాన్సిస్టర్లు వెలుతురు తరంగదైర్ఘ్యం కంటే చిన్నవి, విడివిడిగా చూడలేం.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ఆదివారం పాత సామాన్ల కొట్టుకు వెళ్లి కిటికీ ఉన్న చిప్‌లు వెతుకుతాను.