బుధవారం గృహ కూడిక వారం విడిచి వారం పెట్టుకుంటే తప్పా?

పర్లాకిమిడి కోడలు:
అందరికీ వందనాలు. ఇక్కడ పెద్దలు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, తిట్టినా పర్వాలేదు. మా ఇంట్లో వారం ఎలా గడుస్తుందంటే, సోమవారం పిల్లలకి లెక్కల ట్యూషన్. మంగళవారం స్త్రీల సమాజం. బుధవారం గృహ కూడిక, అంటే సంఘం వాళ్లం వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో చేసుకునే ప్రార్థన. గురువారం క్వయర్ ప్రాక్టీసు, కీబోర్డు మా ఆయనే వాయిస్తారు కాబట్టి ఆయనకి తప్పదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. శనివారం యవ్వనస్తుల కూడికకి మా పెద్దమ్మాయి వెళ్తుంది, నేను సండే స్కూల్ పాఠానికి బొమ్మలు కత్తిరించుకుంటూ కూర్చుంటాను. ఇక ఆదివారం సంగతి మీకు తెలిసిందే.

ఇందులో ఏదీ నాకు ఇష్టం లేక చేస్తున్నది కాదు. కానీ అత్తగారితో సహా ఇంట్లో అందరం ఒకేసారి అన్నానికి కూర్చునేది ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. మా ఆయనకి పాత రేడియోలు బాగుచేయడం పిచ్చి. మూత విప్పిన మర్ఫీ ఒకటి డబ్బాలో సగం వైర్లు ఊడి అలాగే పడి ఉంది. నేను ప్రభువు బల్ల మీద వేయడానికి క్రిస్మస్‌కని మొదలుపెట్టిన క్రోషే గుడ్డ ఇంకా ఒక మూల కూడా తిరగలేదు. అందుకే గృహ కూడికని వారం విడిచి వారం పెట్టమని, మిగతా బుధవారాలు ఇళ్లకి వదిలేయమని కమిటీని అడగాలనుకుంటున్నాం. అడగడమే తప్పంటారా?

జైపూర్ మాస్టారు:
అమ్మా, అడగడం తప్పు కాదు. అడిగే ముందు హెబ్రీయులకు 10:25 ఒకసారి చదువుకోండి. కూడుకోవడం మానేసే అలవాటు కొందరికి అప్పటికే ఉందని అక్కడే ఉంది. మొదట రెండు వారాలకోసారి అంటాం, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత పాస్టరుగారు ఫోన్ చేస్తే తప్ప గుర్తురాదు. మా సంఘంలో ఇదంతా కళ్లారా చూశాను. ఇంకో మాట. ఖాళీగా వదిలిన సాయంత్రం నిజంగా కుటుంబానికే దక్కుతుందా? పిల్లాడు ఒక మూల ఫోనుతో, తండ్రి ఇంకో మూల ఫోనుతో, తల్లి సీరియల్ ముందు. దాన్ని కుటుంబ సమయం అంటే నేను ఒప్పుకోను. రేడియో విప్పడానికి తీరిక కావాలి, ప్రార్థనకి మాత్రం బరువైపోయిందా?

బరంపురం బుజ్జి:
మాస్టారూ, మీరంటే గౌరవమే, కానీ మీరు చెప్పిన వచనం పక్కన మార్కు 6:31 కూడా పెట్టండి. వచ్చేపోయేవాళ్ల మధ్య శిష్యులకి అన్నం తినడానికే తీరిక లేకపోతే, ఏకాంతంగా వచ్చి కాసేపు అలసట తీర్చుకోండని చెప్పింది ఎవరు?

నేను పాస్టరు కూతుర్ని. మా నాన్న బరంపురంలో ఎవరింట్లో కూడిక ఉన్నా వెళ్లేవారు, ఎవరి పిల్లలకి పరీక్షలున్నా పేరుపేరునా ప్రార్థించేవారు. నేను ఏ క్లాసు చదువుతున్నానో మాత్రం అమ్మని అడిగేవారు. ఇది కోపంతో రాయడం లేదు, ఆయన మంచి మనిషి. రోజూ రాత్రి పదింటికి ఇంటికొచ్చే మనిషికి ఎవరైనా ఎంత గుర్తుపెట్టుకోమని చెప్తారు? సంఘంలో ఎవరింటికైనా అందరికంటే ముందు ఒక ఖాళీ సాయంత్రం కావాల్సి ఉంటే అది అయ్యగారింటికి. ఆ మాట వాళ్లు నోరు తెరిచి అడగలేరు.

గుణుపురం బండి:
నేను రోజూ రైల్లో వెళ్లొచ్చే మనిషిని. సాయంత్రం బండి దిగి ఇంటికి చేరి కాళ్లు కడుక్కునేసరికి కూడికలో మొదటి పాట అయిపోతుంది. కాబట్టి అక్క బాధ నాకు తెలుసు. అయినా నేను వ్యతిరేకమే, కారణం వచనం కాదు, తిత్లీ.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఇటు ఒడిశాలో మన గజపతి జిల్లా వైపు చెట్లు, స్తంభాలు, కొండచరియలు ఏది ఎలా పడ్డాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ రోజు మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ రేకు ఎగిరిపోయిందని ముందుగా వెళ్లింది మా గృహ కూడిక వాళ్లే. ఆమెకి షుగరు మాత్రలు ఏ డబ్బాలో ఉంటాయో కూడా వాళ్లకి తెలుసు, ఎందుకంటే అంతకుముందు బుధవారం ఆమె ఇంట్లోనే కూర్చున్నారు. ఆదివారం మందిరంలో వెనక బెంచీలో కూర్చునే మనిషి ఇంట్లో ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఒకరిళ్లకి ఒకరు వెళ్తే కదా తెలిసేది.

కొమ్ముపని ఇల్లు:
మాది కూడా పర్లాకిమిడే. ఇక్కడ జరుగుతున్న మాటల్లో నాకు ఒకటే అర్థం కావడం లేదు, హాబీ అంటే ఏటి? మా ఇంట్లో ఆవు కొమ్ము పని. కొమ్మును వేడి చేసి సాగదీయడం, కోయడం, అరగదీయడం మా ఆయన చేస్తారు, పాలిష్ నాది. కొంగలు, నెమళ్లు, దువ్వెనలు. చూసినవాళ్లు ఎంత కళ అంటారు, మాకది బియ్యం ఖర్చు. ఆర్డరుంటే రాత్రి కూడా పనే. బుధవారం ఆ గంటన్నర చేతికి దుమ్ము లేకుండా, చీర మార్చుకుని, నలుగురితో కూర్చుంటాను. వారంలో నాకు విశ్రాంతి అంటే అదే. ఉద్యోగస్తులకి ఖాళీ సాయంత్రం దొరికితే క్రోషే అల్లుకుంటారు, మాకు దొరికితే ఇంకో రెండు కొమ్ములు అరగదీస్తాం.

పర్లాకిమిడి కోడలు:
మీ మాట నాకు గట్టిగానే తగిలింది చెల్లీ. నేను ఉద్యోగస్తుల ఇల్లు అనుకునే రాశాను, నిజమే.

కానీ కూడిక మా ఇంటి వంతు వచ్చిన రోజు ఏం జరుగుతుందో చెప్తాను, వినండి. మధ్యాహ్నం నుంచి పని. ముందుగది మంచం ఎత్తి పెరట్లో నిలబెట్టాలి. మా దగ్గర చాపలు చాలవు, పక్కవీధి నుంచి తేవాలి. ఆ రోజు ఆఫీసు నుంచి ముందే వచ్చి గంపెడు ఉల్లిపాయలు తరగాలి, ఎందుకంటే కిందటి వారం వాళ్లింట్లో పకోడీ పెట్టారు, మనం ఉత్త బిస్కెట్లు పెడితే బాగోదు. అయ్యగారు వాక్యం మొదలుపెట్టగానే నేను వంటింట్లో టీ మరిగిస్తుంటాను. మార్త, మరియల గురించి వర్తమానం వస్తే నవ్వు ఆపుకోలేను. మరియ మంచిదాన్ని ఎంచుకుందని లోపలికి వినబడుతుంది, నేను టీ వడగడుతుంటాను. చివరి ప్రార్థనకి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడతాను. అందరూ వెళ్లాక గ్లాసులు తోమేసరికి పదకొండు. ఆ రోజు ఆత్మీయంగా నాకేం దక్కిందని అడిగితే ఏం చెప్పను?

మగవాళ్లకి ఇది కనబడదు. మాస్టారూ, మిమ్మల్ని అనడం లేదు.

రాయగడ టీచరమ్మ:
నేను రాయగడలో సండే స్కూల్ చూస్తాను. ఇంకో వైపు నుంచి చెప్తాను, ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

మన పిల్లలు బడిలో చదివేది ఒడియా లేదా ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గానీ అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. మా దగ్గర ఆరో తరగతి పిల్ల ఒకతె క్రిస్మస్ సోలో పాట తన నోటుబుక్కులో రాసుకొచ్చింది. చూస్తే తెలుగు పాట, ఒడియా అక్షరాలు. ఎంత చక్కగా పాడిందో! ఆ పిల్ల తెలుగు బైబిలు పట్టుకుని బయటికి చదివే చోటు గృహ కూడిక ఒక్కటే, ఎందుకంటే అక్కడ వంతులవారీగా ఒక్కో వచనం చదవమంటాం. తడబడితే పక్కనున్న తాత అందిస్తాడు. ఆదివారం మందిరంలో అంతమంది ముందు ఆ పిల్లని నిలబెడితే నోరు విప్పదు. సగం కూడికలు పోతే ఆ చదువూ సగం పోతుంది. మన ఊళ్లలో తెలుగు నేర్పే బడి కోసం ఇంకెక్కడికి పంపుతాం?

జైపూర్ మాస్టారు:
టీచరమ్మ బాగా చెప్పారు. మనం ఇప్పటికీ పాడుకునే పాత తెలుగు కీర్తనలు ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో ఈ పర్లాకిమిడి తాలూకాలోనే పుట్టారు. అప్పటికి ఒడిశాని వేరు చేసే ఈ సరిహద్దు గీతలు లేవు, 1936లో పడ్డాయి. ఆయన కీర్తనలు ఆయన పుట్టిన ప్రాంతంలోనే పిల్లలు చూసి చదవలేని స్థితి రాకూడదు.

ఇక కోడలమ్మా, టీ సంగతి. నేను ముప్పై ఏళ్లకి పైగా కూడికలు నడిపాను. టీ ఎవరు పెట్టారో ఏ రోజూ ఆలోచించలేదు, వచ్చింది, తాగాను. మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపిస్తే ఏమీ అనలేదు, నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. కాబట్టి ఆ పకోడీలు, పోటీలు ఆపాల్సిందే. మంచినీళ్లు చాలు. దానికోసం కూడికే తగ్గించడం మాత్రం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. భారం వంటిల్లు అయితే వంటింటిని తీసేయండి.

బరంపురం బుజ్జి:
మంచినీళ్లు చాలంటే మా అమ్మ ఒప్పుకోదు మాస్టారూ. ఇంటికొచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపితే ఆవిడకి నిద్ర పట్టదు. సంఘమే ఒక నియమం పెట్టాలి, అప్పుడు ఆడవాళ్ల మీద మాట పడదు.

టీచరమ్మగారితో నాకు పేచీ ఉంది. పిల్లకి తెలుగు నేర్పాల్సింది మొదట ఎవరు? వారానికి ఒక్క వచనంతో ఏ అక్షరాలు వస్తాయి? ఆ బుధవారమే ఇంట్లో నాన్న పక్కన కూర్చుని ఒక అధ్యాయం చదివితే ఎక్కువ రాదా? 2020 లాక్‌డౌన్‌లో మందిరాలు మూసినప్పుడు మా ఇంట్లో జరిగింది అదే. నాన్న అన్నాళ్లు ఇంట్లో ఉండటం నాకు తెలిసి అదే మొదటిసారి. సాయంత్రం పాట, వాక్యం, తర్వాత క్యారమ్స్. మా తమ్ముడు తెలుగు చదవడం అప్పుడే నేర్చుకున్నాడు. నాన్న మళ్లీ కూడికలకి వెళ్లడం మొదలుపెట్టాక ఆ చదువు ఆగిపోయింది.

రాయగడ టీచరమ్మ:
బుజ్జమ్మా, మీ నాన్నగారు పాస్టరు, తెలుగు చదవగలరు. మా పిల్లల నాన్నల్లో చాలామంది ఒడియాలో చదువుకున్నవాళ్లే. పక్కన కూర్చుని ఏం అందిస్తారు? మీ ఇంట్లో కుదిరింది అందరిళ్లలో కుదరదు.

గుణుపురం బండి:
క్వయర్ ప్రాక్టీసు గురించి ఎవరూ మాట్లాడరేం? గురువారం మొత్తం దానికే పోతోంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాడేవాళ్లందరూ ఎలాగూ అక్కడే ఉంటారు, ముప్పావు గంట అప్పుడే కూర్చుంటే గురువారం మిగులుతుంది. కాస్త ఆకలేస్తుంది, అంతే. గృహ కూడిక జోలికే వెళ్లక్కర్లేదు. మీ ఆయన రేడియో కూడా బతుకుతుంది అక్కా.

పర్లాకిమిడి కోడలు:
ఇది నాకు తట్టనే లేదు తమ్ముడూ. మా ఆయనకి చూపిస్తే ఆదివారం గొంతులు బాగా లేచి ఉంటాయి, ప్రాక్టీసుకి అదే మంచిది అన్నారు. డిసెంబరులో క్యారల్ రౌండ్లు వస్తాయి కాబట్టి అప్పుడు గురువారాలు ఎలాగూ ఉండవు, మిగతా పదకొండు నెలలకి సరిపోతుంది.

అయినా నేను బుధవారం మాట పూర్తిగా వదలడం లేదు. కమిటీకి మూడు అడుగుతాను. ప్రాక్టీసు ఆదివారానికి మార్చాలి. కూడికలో నీళ్లు తప్ప ఏదీ పెట్టకూడదని అయ్యగారే ఆదివారం మందిరంలో చెప్పాలి, ఇంటివాళ్ల నోటితో చెప్పించకూడదు. నెలలో చివరి బుధవారం ఒక్కటి కూడిక ఉండకూడదు, అయ్యగారింటికి కూడా ఆ సాయంత్రం ఎవరూ వెళ్లకూడదు, చావో రోగమో అయితే తప్ప. వారం విడిచి వారం అన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పిల్ల ఒడియా అక్షరాల్లో రాసుకున్న పాట తలుచుకుంటే నాకు చేతులు రావడం లేదు.

జైపూర్ మాస్టారు:
మొదటి రెండూ సబబే. మూడోది నేను కమిటీలో ఉంటే ఒప్పుకోను. నెలకొకటి అన్నది తలుపు సందు లాంటిది, ఒకసారి తెరిస్తే మూయడం కష్టం.

కొమ్ముపని ఇల్లు:
అక్కా, మీరెవరో నాకు తెలిసిపోయింది. ఆ చాపలు మా ఇంటివే! మాస్టారు ఇక్కడి కమిటీలో లేరు గానీ నేను స్త్రీల తరఫున ఉన్నాను. చివరి బుధవారం మాట వచ్చినప్పుడు వద్దనే చెప్తాను, ముందే చెప్తున్నాను, మళ్లీ మనసులో పెట్టుకోవద్దు. టీ నియమానికి మాత్రం మీకంటే ముందు నేనే చెయ్యెత్తుతాను. వచ్చే నెల మీ వంతే కదా, చాపలకి పిల్లాణ్ణి పంపకండి, బరువు, మా ఆయన సైకిల్ మీద తెచ్చి పడేస్తారు.