రెండు డొమైన్లు, రెండు రిలేలు: క్రాన్ మెయిళ్లు మాత్రం 553తో తిరిగొస్తున్నాయి

సర్వర్ డెబియన్ 12, మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ 3.7. బయటికెళ్లే 25 పోర్టు హోస్టింగ్ వాళ్లు మూసేశారు కాబట్టి అంతా 587 (లాగిన్ అయ్యి మెయిల్ అప్పగించే పోర్టు) మీదే. పంపేవాళ్ల డొమైన్‌ని బట్టి రిలే (మా మెయిల్‌ని తీసుకుని ముందుకు పంపే బయటి సర్వర్) మారేలా సెండర్ డిపెండెంట్ రిలేహోస్ట్ మ్యాప్స్ పెట్టాం, సెండర్ డిపెండెంట్ అథెంటికేషన్ కూడా ఆన్‌లో ఉంది. మనుషులు పంపే మెయిళ్లు రెండు డొమైన్ల నుంచీ చక్కగా వెళ్తున్నాయి.

మామూలు అనుమానాలు ముందే తీర్చేస్తాను. రిలే పేరుకి చదరపు బ్రాకెట్లున్నాయి, లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఎంఎక్స్ (డొమైన్‌కి మెయిల్ అందుకునే సర్వర్ ఏదో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) వెతుక్కుంటూ పోతుంది. పాస్‌వర్డ్ ఫైల్లోనూ అవే బ్రాకెట్లు, అదే పోర్టు. పోస్ట్‌మ్యాప్ (మ్యాప్ ఫైళ్లను పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే కమాండ్), రీలోడ్ అయ్యాయి. లాగిన్‌కి కావాల్సిన సాసిల్ మాడ్యూల్స్ ప్యాకేజీ ఉంది.

చిక్కల్లా క్రాన్‌తోనే, అంటే టైము ప్రకారం పనులు నడిపి రూట్ (అడ్మిన్ ఖాతా) పేరుతో మెయిళ్లు పంపే ప్రోగ్రామ్‌తో. రూట్ అడ్రస్‌ని ఎస్ఎంటీపీ జెనరిక్ మ్యాప్స్‌తో రెండో డొమైన్‌కి మారుస్తున్నాం. లాగ్‌లో చూస్తే మెయిల్ మొదటి రిలేకి, మొదటి డొమైన్ లాగిన్‌తో వెళ్తోంది. 'ఈ సెండర్ అడ్రస్ మీది కాదు' అని ఆ రిలే 553 (తిరస్కరణ కోడ్) కొడుతోంది. జెనరిక్ మార్పు డెలివరీ దగ్గర, అంటే రిలే ఎంపిక అయిపోయాక జరుగుతుంది కాబట్టే ఇలా అని నా అంచనా.

అలాగైతే క్యూలోకి వెళ్లకముందే క్లీనప్‌లో (పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్‌ని క్యూకి సిద్ధం చేసే భాగం) అడ్రస్ మార్చే సెండర్ కెనానికల్ మ్యాప్స్‌కి మారడమే సరైన దారా? లోకల్ మెయిళ్ల హెడర్లు కూడా మారిపోవడం తప్ప ఇంకేమైనా దెబ్బ ఉందా? ఇంకొకటి: సెండర్ ఖాళీగా ఉండే బౌన్స్‌లను (మెయిల్ చేరలేదని చెప్పే నోటీసులు) రెండో రిలేకి మళ్లించడానికి మ్యాప్‌లో '<>' కీ ఒక్కటి చాలా, పాస్‌వర్డ్ ఫైల్లో రెండో హోస్ట్ పేరుతో వేరే వరస కూడా ఉండాలా?