వాల్‌మార్ట్‌లో శామ్ వాల్టన్ విలువలు ఇంకా ఉన్నాయంటారా?

బెంటన్‌విల్_తెలుగు:
అందరికీ నమస్తే. మేం అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో, వాల్‌మార్ట్ హెడ్డాఫీసున్న ఊళ్లోనే ఉంటాం. ఇక్కడ ఎవర్ని కదిపినా ఈ షాపుల్ని పెట్టిన శామ్ వాల్టన్ గారి పాత ఫోర్డ్ పికప్ గురించే చెప్తారు, 1985లో ఫోర్బ్స్ పత్రిక వాళ్లు అమెరికాలో అందరికన్నా ధనవంతుడని రాశాక కూడా ఆయన అదే బండిలో వేటకుక్కల్ని ఎక్కించుకుని తిరిగేవాడు. టూర్‌కి వెళ్తే పెద్ద ఆఫీసర్లు కూడా హోటల్‌లో గదికి ఇద్దరు చొప్పున సర్దుకోవాల్సిందే. ఇప్పుడేమో అదే ఊళ్లో 350 ఎకరాల్లో కొత్త క్యాంపస్ కట్టారు. ఆయన పోయి (1992) ముప్పై ఏళ్లు దాటింది కదా, ఆయన నమ్మినవాటిలో ఇప్పుడు నిజంగా మిగిలిందేంటి? ఫొటోలు, స్లోగన్లు కాకుండా చెప్పండి.

కిరాణా_రాజు:
అసలు సంగతి మిగిలే ఉందండి, అది ధర. 80 సెంట్లకి కొన్నదాన్ని 1.20కి అమ్మే బదులు డాలర్‌కి అమ్మితే మూడింతలు అమ్ముడుపోతుంది, ఒక్కోదాని మీద లాభం సగమే అయినా మొత్తమ్మీద ఎక్కువే వస్తుంది, ఇదే ఆయన లెక్క. 1962లో రోజర్స్ అనే ఊళ్లో మొదటి షాపు తెరిచింది ఈ లెక్క మీదే. ఇవాళ్టికీ వాళ్లకి వంద డాలర్ల అమ్మకం మీద అన్నీ పోను చేతిలో మిగిలేది రెండు మూడు డాలర్లే. చిన్న జీతంతో పిల్లల్ని పెంచేవాళ్లకి ఇదేం చిన్న విషయం కాదు. క్యాంపస్ చూసి విలువలు పోయాయి అనేస్తే ఎలా అండి?

సిరి_డల్లాస్:
రాజు గారూ, ధర వరకు ఒప్పుకుంటా. కానీ పనిచేసేవాళ్ల సంగతేంటి? 1971లో మామూలు ఉద్యోగులకి కూడా లాభాల్లో వాటా పెట్టారు, ఆయన భార్య హెలెన్ గారు గట్టిగా చెప్తే. దాంతో లారీ డ్రైవర్లు, కౌంటర్లో వాళ్లు కూడా రిటైరయ్యేటప్పుడు మంచి డబ్బుతో వెళ్లారు. 2010లో ఆ వాటా తీసేస్తున్నామని చెప్పి దాని బదులు 401కెలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) మ్యాచింగ్, అంటే మనం కట్టేదానికి తోడు కంపెనీ వేసే డబ్బు, పెంచారు. మ్యాచింగ్ రావాలంటే ముందు మన జీతంలోంచి మనం కట్టాలి కదా, నెలాఖరికి చేతిలో ఏమీ మిగలనివాళ్లు ఎక్కడినుంచి కడతారు? 2020లో జీఏఓ (అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ) రిపోర్టు చూస్తే, వాళ్లు లెక్క తీసిన రాష్ట్రాల్లో ఫుడ్ స్టాంపుల (పేదలకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం) మీద ఆధారపడే ఉద్యోగులు ఎక్కువున్న కంపెనీల్లో వాల్‌మార్ట్ ముందు వరసలోనే ఉంది. నాకు చాలా బాధేసింది అది చదివి.

వంశీ_గుంటూరు:
ఇండియా వైపు నుంచి ఒక మాట. 2018లో 16 బిలియన్ డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొన్నారు కదా. శామ్ గారి పద్ధతి ఏంటంటే ఏడాది పొడుగునా ఒకటే తక్కువ ధర, పండగ డిస్కౌంట్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఫ్లిప్‌కార్ట్‌లో మరి బిగ్ బిలియన్ డేస్ కోసం జనం ఫోన్ కొనడం నెలల తరబడి ఆపుకుంటారు, మా ఇంట్లోనే దసరా దాకా ఆగుదాంలే అంటారు. ఓనరు వాళ్లే, పద్ధతి మాత్రం పూర్తిగా తిరగబడింది.

పాతకాగితాలు:
సిరి గారూ, మీ బాధలో నిజముంది, కానీ పాత రోజులు బంగారం అనుకోకండి. 1960ల్లో కనీస వేతనం తప్పించుకోడానికి ఒక్కో షాపునీ వేరే కంపెనీగా చూపించారు, చివరికి కోర్టు ఒప్పుకోలేదు. యూనియన్లంటే ఆయనకి మొదట్నుంచీ పడదు. మొదట్లో జీతాలు సరిగ్గా ఇవ్వలేదని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. ఇప్పుడు స్టోర్లలో మొదలు జీతమే గంటకి 14 డాలర్లు (2023లో పెంచారు), దేశమంతటికీ ఉన్న ఫెడరల్ కనీస వేతనం 7.25 దగ్గరే ఉంది. కాబట్టి జీతం విషయంలో ఆయన్ని చూపించి వీళ్లని తిట్టలేం.

నా దృష్టిలో తేడా వాటా దగ్గరే, సిరి గారు సరిగ్గా పట్టుకున్నారు. 2024లో ఒక్కో షేర్‌ని మూడు షేర్లుగా చీల్చి ఒక్కోదాని ధర తగ్గించినప్పుడు, ఉద్యోగులు ముక్కలు కాకుండా పూర్తి షేర్ కొనుక్కోగలగాలన్నది శామ్ గారి కోరిక అని కంపెనీయే చెప్పింది. బాగుంది, కానీ కొనుక్కోడం వేరు, లాభంలోంచి కంపెనీ ఇవ్వడం వేరు. ఆయన కుటుంబం చేతిలో ఇంకా సగానికి కాస్త తక్కువ షేర్లున్నాయి, అంటే 1971 నాటి వాటా మళ్లీ తెస్తామని వాళ్లు గట్టిగా పట్టుబడితే కాదనే బోర్డు ఉండదు.