సొంత హోటలైతే రెండు రకాల గ్లాసులు పెట్టొచ్చా?

ప్రశ్న:
టీ హోటల్ ఒకరి సొంతం. అందరికీ గాజు గ్లాసు, ఎస్సీలకు మాత్రం ప్లాస్టిక్ గ్లాసు. అడిగితే "నా హోటలు, నా ఇష్టం. టీ పొయ్యననలేదుగా" అంటారు. ప్రైవేటు వ్యాపారికి ఆ హక్కుందా? కేసు పెడితే నిలబడుతుందా?

జవాబు 1:
లేదండి. ప్రాథమిక హక్కులు సర్కారుకే వర్తిస్తాయనుకుంటారు గానీ, రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్ల పేరెత్తి మరీ చెప్పింది: మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ఏ పౌరుణ్నీ అడ్డుకోకూడదని. శిక్ష కోసం ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జడ్‌ఎ) చూడండి. 2015 సవరణతో వచ్చింది, ఆరు నెలల నుంచి ఐదేళ్లు. "టీ పోశాంగా" అంటే చెల్లదు. జనం వాడకానికి పెట్టిన గ్లాసును వాడనివ్వకపోవడమే నేరం. ఒకప్పుడు వాళ్లకని వేరుగా చూరులో గుచ్చిన గ్లాసు, ఇప్పుడు ప్లాస్టిక్ గ్లాసు. అంటు అదే.

జవాబు 2:
కేసు వీగిపోయేది ఫిర్యాదు దగ్గరే. "కులం పేరుతో అవమానించాడు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అలా కాదు. తేదీ, వేళ, గాజు గ్లాసు అడిగితే ఏమన్నాడు, అదే బల్ల మీద పక్కవాళ్లకు దేంట్లో పోశాడు, చూసిందెవరు, అన్నీ రాయాలి. అందరికీ ప్లాస్టిక్కే ఇచ్చే హోటలైతే కేసే లేదు. అందుకే రెండు గ్లాసులూ ఒకే ఫొటోలో పడాలి. బాధితుడి కులం, నిందితుడు ఎస్సీ ఎస్టీ కాడన్న మాట ఫిర్యాదులోనే ఉండాలి. కుల ధ్రువపత్రం జతచేయండి.

"ముందు విచారించి చూస్తాం" అని స్టేషన్లో అంటే, ఎఫ్ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అదే చట్టంలో 2018లో చేర్చిన సెక్షన్ 18ఎ చెబుతోంది. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి.

జవాబు 3:
"వివక్ష చూపితే బేరం పోతుంది, చట్టమెందుకు" అనేవాళ్లకు ఒక మాట. ఊళ్లో పెద్ద కులాల బేరమే ఎక్కువైతే, అందరికీ ఒకే గ్లాసు పెట్టిన హోటలుకే నష్టం. చట్టం ఉంటే మంచి యజమాని వాళ్లతో "నేనేం చెయ్యను, కేసవుతుంది" అని తప్పుకోగలడు.

అద్దె ఇళ్ల దగ్గర మాత్రం ఇంత పట్టు లేదు. 15(2)లో ఇల్లన్న మాటే లేదు. సభ్యత్వం పార్సీలకే అన్న ఒక హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు చెల్లుతుందంది. అంటరానితనం పేరుతో ఇంట్లో ఉండనివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 కింద నేరమే గానీ, కులం తెలిశాక "ఇల్లు ఖాళీ లేదు" అనే యజమాని మీద దాన్ని రుజువు చేయడం కష్టం.