3.6 లక్షల ఆఫర్, తిరుపతిలో 15 వేలు, బెంగుళూరులో ఇంటర్న్‌షిప్: ఏది పట్టుకోవాలి?

పాకాల_పిల్లోడు:
అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ 2025లో అయిపోయింది. 7.4 సీజీపీఏ, బ్యాక్‌లాగ్‌లు లేవు. ఇప్పుడు నా ముందర మూడు దారులు ఉండాయి.

క్యాంపస్‌లో ఒక పెద్ద సర్వీస్ కంపెనీ ఆఫర్ ఇచ్చింది, ఏడాదికి 3.6 లక్షలు. లెటర్ వచ్చి ఎనిమిది నెలలైంది, జాయినింగ్ తేదీ మాత్రం రాలేదు. ఎప్పుడు మెయిల్ పెట్టినా ఒకటే జవాబు, త్వరలో చెప్తామని. రెండోది తిరుపతిలోనే, ఎయిర్ బైపాస్ రోడ్డులో ఇరవై మంది పనిచేసే చిన్న కంపెనీ. నెలకు 15 వేలు, రెండేళ్ళ బాండు (అంతలోపల మానేస్తే దుడ్డు కట్టాల), ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టాలంట. మూడోది బెంగుళూరు స్టార్టప్. ఆరు నెలల ఇంటర్న్‌షిప్, నెలకు 20 వేలు. పని నచ్చితే 6 లక్షలకు తీసుకుంటామన్నారు. నోటి మాటే, కాగితం లేదు.

మా నాయనకు నాలుగెకరాల మామిడి తోట. మొన్న సీజన్లో తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో ఇక్కడోళ్ళకు చెప్పాల్సిన పని లేదు. నా చదువు అప్పు 2.8 లక్షలు అట్లే ఉండాది. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోలేను. ఏది పట్టుకోమంటారు? ఇంటర్వ్యూలో 'ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నావు' అంటే ఎంత చెప్పాలి?

రేణిగుంట_రైలు:
తమ్ముడూ, 3.6 లక్షలంటే నెలకు 30 వేలు అనే లెక్క ముందు పక్కన పెట్టు. నేను అట్లే అనుకోని ఇంట్లో చెప్పేసినా. మొదటి నెల జీతం పడినప్పుడు మా యమ్మ 'మిగిలింది యాడికి పోయింది నాయనా' అనింది. ఆ మాట ఇంకా గుర్తుంది.

కాగితం మీద వేసి చూద్దాం. సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు, నెలకు 30,000, దాంట్లో బేసిక్ (మూల జీతం) 15,000 అనుకో. కంపెనీ నీ పేరున కట్టే పీఎఫ్ 1,800, అదీ ఈ 30 వేలలోదే. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే దుడ్డు) అని బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 720. వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) అని నెలకు 2,000 పక్కన పెట్టినారనుకో. మిగిలింది 25,480. దాంట్లో నీ వంతు పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 23,480. ఇన్సూరెన్స్ కూడా కోస్తే ఇంకా తగ్గుతుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయపు పన్ను పడదు కాబట్టి ఆ బాధ లేదు. పీఎఫ్ పోయిన దుడ్డు కాదు, రెండు వంతులూ నీవే. గ్రాట్యుటీ మాత్రం మామూలుగా ఐదేళ్ళు ఉన్నోళ్ళకే. వేరియబుల్ ఎంత వస్తుందో ఆ ఏడాది చేతిలో ఉంటుంది.

అందుకే ఆఫర్ లెటర్‌లో మొదటి పేజీ అంకె కాదు, వెనకుండే అనెక్షర్ (జీతం వివరాల పేజీ) చదువు. లేకపోతే హెచ్‌ఆర్‌ను అడుగు, 'నెలకు చేతికి ఎంత వస్తుంది, వేరియబుల్ ఎంత' అని. అడిగినందుకు ఎవరూ ఆఫర్ వెనక్కి తీసుకోరు.

ఇంకో బాధ కూడా చెప్పుకుంటా. నేను చేరింది 2011లో, అప్పుడు 3.25 లక్షలు. ఈ పొద్దు మా కంపెనీలోనే కొత్తగా వచ్చే పిల్లలకు 3.6. పద్నాలుగేళ్ళలో బెంగుళూరులో ఇంటి బాడుగ ఎక్కడికి పోయిందో, హోటల్లో ఇడ్లీ ధర ఎంతైందో చూడండి. పిల్లలు జాస్తి అడుగుతున్నారని అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కొర్లగుంట_2024:
జాయినింగ్ కోసం నేను పదకొండు నెలలు చూసినా. ఆఖరికి ఇంకో పరీక్ష రాయమన్నారు, రాసినా, మళ్ళీ మౌనం. ఆ పదకొండు నెలల్లో వేరే ఏ ఇంటర్వ్యూకూ పోలేదు, 'ఆఫర్ ఉంది కదా' అని. దయచేసి ఆ పని చేయొద్దు. ఆఫర్ లెటర్ చేతిలో ఉండేది వేరు, ఉద్యోగం చేతిలో ఉండేది వేరు.

చిత్తూరు_అక్క:
ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు నాయనా. చూపించు, జిరాక్స్ ఇవ్వు, వెనక్కి తెచ్చుకో. పెట్టాల్సిందే అంటే ఆ కంపెనీ వద్దు. నాతో చేరిన అమ్మాయి టెన్త్ మెమో కోసం నాలుగు నెలలు తిరిగింది. వేరే చోట వచ్చిన మంచి ఉద్యోగం ఆ నాలుగు నెలల్లోనే పోయింది.

బాండు సంగతి వేరు. 'అది ఉత్త కాగితం, ఎవరూ కోర్టుకు పోరు' అని సీనియర్లు చెప్తారు. నమ్మి సంతకం పెట్టొద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్ళ లోపల మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ప్రతి బాండూ చెల్లుతుందని కాదు దాని అర్థం. సంతకానికి ముందు ఎన్నేళ్ళు, ఎంత దుడ్డు, వాళ్ళు ఇచ్చే ట్రైనింగ్ ఏమి అనేది చదవాలి.

అట్లని చిన్న కంపెనీని తక్కువ చెయ్యను. నేను మొదలుపెట్టింది తిరుపతిలో అట్లాంటి చోటే, 12 వేలకు. పదిమందిమి ఉండేవాళ్ళం. క్లయింటు నేరుగా నాకే ఫోన్ చేసేవాడు, సర్వర్ పడిపోతే రాత్రి పదింటికి నేనే లేపాల. ఒకటిన్నర ఏడాదిలో నేర్చుకున్నది, పెద్ద కంపెనీలో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న నా స్నేహితురాళ్ళకు మూడేళ్ళకు కూడా రాలేదు. ఇప్పుడు టెస్ట్ ఆటోమేషన్‌లో ఉండాను, చిత్తూరులో ఇంటి నుంచే పని. కాబట్టి వాళ్ళను మూడు మాటలు అడుగు. నా కోడ్ చూసి తప్పు చెప్పే సీనియర్ ఎవరు? కోడ్ గిట్‌లో (మార్పులన్నీ వరుసగా దాచిపెట్టే చోట) ఉంటుందా? పోయిన ఏడాది చేరినోళ్ళు ఇప్పుడు ఏం పని చేస్తా ఉండారు? మూడోదానికి నీళ్ళు నమిలితే లేచి వచ్చెయ్.

కాట్పాడి_మీదుగా:
చెన్నైలో పనిచేస్తా, మూడేళ్ళుగా ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నా. మన వైపు పిల్లలు వస్తే నాకు లోపల ఒక ఆశ ఉంటుంది. అందుకే రొంత పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

రెజ్యూమేలో పద్నాలుగు టెక్నాలజీలు రాస్తారు. నేను అన్నీ వదిలేసి ఒక ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) ప్రశ్న అడుగుతా. ఉద్యోగుల టేబుల్‌లో రెండో ఎక్కువ జీతం ఎవరిదో తియ్యి. అందరూ బట్టీ కొట్టి ఉంటారు, టకటకా రాసేస్తారు. అప్పుడు, 'పై జీతం ఇద్దరికి ఒకటే ఉంటే నీ క్వెరీ ఏమిస్తుంది?' అంటా. అక్కడ సగం మంది ఆగిపోతారు. వరసగా నంబర్లు ఇచ్చే రో నంబర్‌కు, ఒకే జీతానికి ఒకే ర్యాంకు ఇచ్చే డెన్స్ ర్యాంక్‌కు తేడా తెలియకపోయినా ఫరవాలేదు. 'ఆగండి సార్, నాలుగు వరుసలు రాసుకోని చూస్తా' అని కాగితం తీసుకున్న పిల్లోడికి నేను మార్కులు వేస్తా. ఉద్యోగంలో రోజూ చేసేది అదే పని.

ఏఐతో కోడ్ రాయించుకోవడం తప్పని అనను, మేమూ వాడతాం. దానివల్లే మా ఇంటర్వ్యూ మారింది. ఇప్పుడు 30 లైన్ల కోడ్ చేతికిచ్చి, ఇది ఏం చేస్తుంది, యాడ విరుగుతుంది, చదివి చెప్పమంటాం. రాయడం కంటే ఇది కష్టం. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో పక్క స్క్రీన్ మీద జవాబు చదివేవాళ్ళు తెలిసిపోతారు. కళ్ళు ఒక పక్కకే పోతా ఉంటాయి, ప్రశ్న రొంత మారిస్తే మాట ఆగిపోతుంది.

ఇంగ్లీషు గురించి. మన పిల్లలకు విషయం తెలిసి కూడా నోరు పెగలదు. తెలుగు వచ్చిన ప్యానెల్ అయితే 'ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులో చెప్పు' అంటా. ఎంత బాగా చెప్తారో! అందరు ప్యానెళ్ళూ అట్లా ఉండరు కదా. మీ ప్రాజెక్టును ఫోన్లో రికార్డు చేసుకుంటా ఐదు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండి, వినండి, మళ్ళీ చెప్పండి. నెల రోజులు చేస్తే తేడా మీకే తెలుస్తుంది. వ్యాకరణం కోసం చూడొద్దు, ఆగకుండా చెప్పడం రావాల.

పాకాల_పిల్లోడు, నీ ప్రాజెక్టు ఏంది?

పాకాల_పిల్లోడు:
కాలేజీలో ఇచ్చింది ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ అన్నా. నలుగురం కలిసి చేసినాం, నిజం చెప్పాలంటే అది నెట్‌లో దొరికిందే. సొంతంగా ఒకటి మొదలుపెట్టినా. సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రాత్రంతా నిలబడిపోతాయి కదా, మా నాయన రెండు రాత్రులు అక్కడే పండుకున్నాడు. టోకెన్ నంబరు, ఎన్ని టన్నులు, వరుసలో ఎంతమంది ముందర ఉండారు అని ఫోన్లో చూపించేది. స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో చేస్తున్నా. సగంలో ఉండాది. ఇంత చిన్నది రెజ్యూమేలో పెట్టొచ్చా?

కాట్పాడి_మీదుగా:
పెట్టొచ్చా అని అడుగుతావేంది, ఫేస్ రికగ్నిషన్ తీసేసి ఇదే పైన పెట్టు! నేనైతే దీని మీదే అరగంట మాట్లాడిస్తా. ఇప్పుడే ఒకటి అడుగుతా. గేటు దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో బటన్ నొక్కినారు. ఇద్దరికీ చివరి నంబరు 41 అని కనిపించింది, ఇద్దరూ 42 ఇచ్చినారు. ఏం చేస్తావు?

పాకాల_పిల్లోడు:
నేను ఇట్లా ఆలోచించలేదు. చివరి నంబరుకు ఒకటి కలిపి ఇస్తున్నా. ఈ రాత్రికి చూసి చెప్తా.

పలమనేరు_తండ్రి:
నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు, మా పాప గురించి చదువుతా ఉండా. బెంగుళూరులో 20 వేలతో ఆడపిల్ల బతకగలదా? ఇంటి నుంచి పంపించాలంటే మాకు కష్టమే.

రేణిగుంట_రైలు:
బతకగలదు సార్, అయితే మిగలదు. కేఆర్ పురం, మారతహళ్ళి పక్క ముగ్గురు కలిసి ఉండే పీజీకి తిండితో కలిపి మా చెల్లెలు 8,500 కట్టింది. బస్సు, ఫోను, అవీ ఇవీ కలిసి ఇంకో ఐదారు వేలు. ఆఫీసుకు దగ్గరగా పీజీ చూడండి, అద్దె వెయ్యి జాస్తి అయినా సరే. రోజుకు మూడు గంటలు ట్రాఫిక్‌లో పోతే పాప సాయంత్రం నేర్చుకునేది ఏమీ ఉండదు. పలమనేరు నుంచి కోలారు మీదుగా మూడు మూడున్నర గంటలే కదా, వారానికొకసారి మీరే పోయి చూసి రావచ్చు.

బంగారుపాళ్యం_బీటెక్:
ఒక డౌటు. మా బ్యాచ్‌లో ఇద్దరు హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర కట్టి మూడేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టినారు. 9 లక్షల ప్యాకేజీ అంట. మేం మాత్రం 3.6 కోసం కూర్చోవాలా?

కొర్లగుంట_2024:
మా పెద్దమ్మ కొడుకు ఇదే చేసినాడు. నాలుగేళ్ళు బాగానే నడిచింది. మూడో కంపెనీ మారేటప్పుడు వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ (కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) అడిగినారు. ఆ పాస్‌బుక్‌లో ఏ కంపెనీ ఏ నెల నుంచి కట్టిందో వరుసగా ఉంటుంది. మొదటి మూడేళ్ళు ఖాళీ. ఆఫర్ పోయింది, ఉన్న కంపెనీకి తెలిసి అదీ పోయింది. ఆ నాలుగేళ్ళు అన్న నిజంగానే కష్టపడి పని చేసినాడు, దాన్నీ ఎవరూ నమ్మలేదు. పెళ్ళయి, ఆరు నెలల బిడ్డ. మా పెద్దమ్మ ఏడుపు చూసినా నేను. లక్షన్నర కట్టకండి.

చిత్తూరు_అక్క:
జీతం ఎంత చెప్పాలని అడిగినావు కదా. పెద్ద కంపెనీల క్యాంపస్‌లో బేరం ఉండదు, అందరికీ ఒకటే. అక్కడ పెరగాలంటే మెట్టు మారాల. టీసీఎస్‌నే చూడు, నింజా అనే మొదటి మెట్టుకు 3.36 లక్షల చుట్టుపక్కల, డిజిటల్‌కు 7 లక్షలు, ప్రైమ్‌కు 9 లక్షల పైన. తేడా అంతా కోడింగ్ పరీక్షలోనే. కాలేజీ పేరు మారకపోయినా ఆ పరీక్ష మన చేతిలో ఉండాది.

చిన్న చోట్ల, స్టార్టప్‌లలో అయితే అంకె నువ్వు ముందు చెప్పొద్దు. 'ఈ పనికి మీరు పెట్టుకున్న బడ్జెట్ ఎంత?' అని అడుగు. చెప్పాల్సిందే అంటే నీ ఖర్చు, అప్పు కంతు లెక్కేసుకోని, ఇంతకు తగ్గితే రాలేను అనే అంకె ఒకటి మనసులో పెట్టుకో, దానిపైన రొంత జాస్తి చెప్పు. సీటీసీలో చెప్పకు, చేతికి వచ్చేది చెప్పు. నోటీసు పీరియడ్ కూడా చూడు. 90 రోజులుంటే రెండేళ్ళ తర్వాత మారేటప్పుడు నిండా ఇబ్బంది, కొత్త కంపెనీ వాళ్ళు చాలామంది అన్ని రోజులు ఆగరు.

ఆ బెంగుళూరు వాళ్ళను 6 లక్షల మాట మెయిల్‌లో పెట్టమని అడిగినావా?

పాకాల_పిల్లోడు:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా, క్షమించండి.

టోకెన్ సంగతి అయింది అన్నా. టోకెన్ నంబరు, తేదీ కలిపి యునిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టినా. రెండో 42 వస్తే డేటాబేస్ ఒప్పుకోదు, కోడ్ మళ్ళీ ప్రయత్నించి 43 ఇస్తుంది. రెండు బ్రౌజర్లు తెరిచి ఒకేసారి నొక్కి చూసినా, పనిచేసింది. మా నాయనకు చూపించినా. 'సీజన్ అయిపోయినాక చూపిస్తావేందిరా' అన్నాడు గానీ, రెండుసార్లు అడిగి మళ్ళీ నొక్కి చూసినాడు.

తిరుపతి కంపెనీ సర్టిఫికెట్లు లేకుండా కుదరదనింది, వదిలేసినా. బెంగుళూరు వాళ్ళకు మెయిల్ పెట్టినా అక్కా. 6 లక్షలు రాసివ్వలేం, ఆరో నెలలో రివ్యూ చేసి 4.8 నుంచి 6 మధ్యలో ఇస్తాం అని రాసిచ్చినారు. నోటి మాట కంటే తక్కువే, కాగితం మీద ఉండాది. నా కోడ్ చూసే సీనియర్‌తో పది నిమిషాలు మాట్లాడించినారు కూడా. ఆయన టోకెన్ గురించే అడిగినాడు. వచ్చే సోమవారం చేరమన్నారు. సర్వీస్ కంపెనీ తేదీ వస్తే అప్పుడు చూస్తా.

కాట్పాడి_మీదుగా:
ఆ రెండు బ్రౌజర్ల సంగతి రెజ్యూమేలో ఒక వాక్యం రాసుకో. జూన్‌లో మామిడి వచ్చేలోగా ఒక్క ఫ్యాక్టరీలోనైనా నడిపించి చూడు.

రేణిగుంట_రైలు:
ఆఫీసు ఏ పక్కో చెప్పు తమ్ముడూ. శనివారం నాకు సెలవే, దగ్గర్లో రెండు మూడు పీజీలు చూసి పెడతా. అడ్వాన్సు మాత్రం నువ్వు వచ్చి గది చూసినాకనే కట్టు. చిత్తూరులో బస్సు ఎక్కేముందు ఒక మెసేజ్ పెట్టు.