వార్ రోబోట్స్: ముగ్గురి దగ్గరా గ్రిఫినే, మధ్య బీకన్ మాత్రం నిలవడం లేదు: ముందు ఏది పెంచాలి?

చెరువుకాపలా:

అందరికీ నమస్కారమండి. ఫోన్లో రోబోలతో యుద్ధం చేసే ఆట, వార్ రోబోట్స్ ఆడేవాళ్లు ఇక్కడ కొందరు ఉన్నారని చూసి రాస్తున్నాను. మాది భీమవరం దగ్గర, కాళ్ళ వైపు. రాత్రిపూట వనామీ చెరువుల దగ్గర కాపలా ఉంటాను. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి అర్ధరాత్రి నుంచి ఏరేటర్లు ఆగకుండా తిరగాలి. నిద్ర పట్టకుండా ఉండటానికి మొదలుపెట్టిన ఆట ఇది. ఏడాది దాటేసరికి ప్రాణం అయిపోయింది. రాజోలు నుంచి మా పిన్ని కొడుకు, కాకినాడలో చదువుకుంటున్న మా బావ కలుస్తారు. ముగ్గురం ఒక స్క్వాడ్.

నా హ్యాంగర్‌లో, అంటే మ్యాచ్‌లోకి దింపే రోబోల్లో, గ్రిఫిన్ 7, లియో 6, గోలెం 6, బోవా 5, వీత్యాజ్ 5 లెవెళ్లలో ఉన్నాయి. ఆయుధాల్లో, గ్రిఫిన్ మీద రాకెట్లు వదిలే రెండు ఓర్కాన్లు, రెండు పినాటాలు, అన్నీ 6. థండర్ 4 దగ్గర ఆగిపోయింది. ట్రైడెంట్ ఒకటి, హైడ్రా ఒకటి 3వ లెవెల్లో వాడకుండా పడి ఉన్నాయి. తమ్ముడు, బావ కూడా నన్ను చూసి గ్రిఫిన్నే పెంచారు, అవే ఓర్కాన్లు, అవే పినాటాలు.

మా కష్టం డామినేషన్‌లో, అంటే బీకన్లనే చోట్లను పట్టుకుని నిలబెట్టుకునే రకం మ్యాచ్‌లో. ఐదు బీకన్లలో మధ్యది మేమే ముందు పట్టుకుంటాం. ముగ్గురం కలిసి దూకి ఒకేసారి రాకెట్లన్నీ వదిలితే మొదట వచ్చినవాడు నిలబడడు. రెండోవాడు వచ్చేసరికి మాకు కాళ్లు ఆడవు. మూడో నిమిషానికి బీకన్ పోతుంది, తర్వాత ఒక్కొక్కళ్లం వెళ్లడం, ఒక్కొక్కళ్లం పడిపోవడం. మొన్న వరసగా తొమ్మిది మ్యాచ్‌లు ఇలాగే ఓడిపోయాం. తమ్ముడు రెండు రోజులు ఆటలోకే రాలేదు, నాకు చాలా బాధేసింది.

పోగేసిన సిల్వర్, అంటే ఆటలో డబ్బు, ఒక్కదానికే సరిపోతుంది. గ్రిఫిన్‌ని 8 చేయనా? ఆయుధాలు పెంచనా? ఇంకో మాట కూడా చెప్పాలి. మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే ఫోను పక్కన పెట్టి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. అది తప్పదు. అలా రెండుసార్లు మధ్య బీకన్ మీద నా రోబో ఊరికే నిలబడి చచ్చిపోయింది.

గట్టుమీద:

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఒకటి పెంచితే తీరే కష్టం కాదిది. మీకు మూడు హ్యాంగర్లు ఉన్నాయి కానీ మ్యాచ్‌లో దిగేది ఒకటే రోబో మూడుసార్లు. అక్కడ ఉంది చిక్కు.

ఓర్కాన్, పినాటా రెండూ 300 మీటర్లే కొడతాయి. ఉన్నదంతా ఒక్క ఊపులో ఖాళీ చేస్తాయి, ఆ తర్వాత రీలోడ్ అయ్యేదాకా చేతిలో ఏమీ ఉండదు. ఒక్కడు అలా ఉంటే బలం. ముగ్గురూ ఒకేసారి వదిలితే ముగ్గురూ ఒకేసారి ఖాళీ. ఆ ఖాళీలోనే మీ బీకన్ పోతోంది. పైగా ఎదుటివాడు యాన్సైల్ అనే రక్షణ కవచం పెట్టుకుని వస్తే మీ రాకెట్లన్నీ ఆ నీలం బుడగకే తగిలి పోతాయి. దాన్ని దాటి కొట్టాలంటే ప్లాస్మా ఆయుధాలు కావాలి, అంటే టారన్, మ్యాగ్నమ్ లాంటివి. లేదంటే బుడగ లోపలికే దూరిపోవాలి. మీ ముగ్గురిలో ఎవరి దగ్గరైనా టారన్ ఉందా?

మాది పి.గన్నవరం దగ్గర లంక. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చి, 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు మేమందరం రాత్రంతా ఏటిగట్టు మీదే ఉన్నాం. ఇసుక బస్తాలు గట్టు పొడవునా వేయలేదు. ఊట ఎక్కడ కనిపిస్తే అక్కడ వేశాం. లాంతరు పట్టుకుని ఊట వెతికేవాళ్లు వేరు, బస్తా నింపేవాళ్లు వేరు, మోసేవాళ్లు వేరు. అందరూ మోయడానికే వచ్చి ఉంటే ఊట చూసేవాడు ఉండేవాడు కాదు. మీ స్క్వాడ్ గురించి చదువుతుంటే నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. బీకన్ మీదైపోయాక దాని మీద నిలబడక్కర్లేదు. శత్రువు వచ్చి ఆ వలయంలో కాలు పెట్టేదాకా అది మీదే. గోడ చాటున నిలబడి వలయాన్ని చూస్తుంటే చాలు. స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యాప్‌లో ఇళ్ల చాటు దొరుకుతుంది. యమంటావ్ మ్యాప్ బాగా తెరిపి, అక్కడ 1100 మీటర్ల నుంచి ట్రెబుషే అనే దూరపు ఆయుధం వేసేవాడు ఉంటే మధ్యలో నిలబడ్డవాడు అయిపోయినట్టే.

నరసాపురం పంటు:

అన్న చెప్పింది నిజమే కానీ సిల్వర్ గురించి నా మాట వేరు. నేనైతే రోబోనే ముందు పెంచుతాను. ఆయుధం ఎంత పెంచినా అది కొట్టడానికి రోబో బతికి ఉండాలి కదా. నా లియో 6లో ఉన్నప్పుడు బీకన్ దగ్గర రెండు సాల్వోలకే, అంటే ఒకేసారి వదిలే రాకెట్ల దెబ్బలు రెండింటికే, పోయేది. 8 చేశాక మూడో సాల్వో దాకా నిలిచింది. ఆ కొద్ది సెకన్లలోనే పక్కవాడు వచ్చి కాపాడతాడు.

చెరువుకాపలా:

అన్నా, బావ దగ్గర టారన్లు రెండు, మ్యాగ్నమ్‌లు రెండు ఉన్నాయట! అన్నీ 5. ఓర్కాన్ ఇష్టమని వాడకుండా ఉంచేశాడు. ఇప్పుడే అడిగి తెలుసుకున్నాను. తమ్ముడి లియో 7, థండర్ 6. అయితే నా సిల్వర్ ఎక్కడ పెట్టాలి? రోబో ముందా, ఆయుధం ముందా అన్నది ఇంకా తేలలేదు.

గట్టుమీద:

తేలకపోవడానికి కారణం ఉంది. అది మనిషిని బట్టి మారుతుంది. పంటు గారు చెప్పింది దెబ్బలు తినేవాడికి నిజం.

మీ తమ్ముడిని లియోతో మధ్య బీకన్ దగ్గర పెట్టండి. లియోకి ప్రాణం గట్టిది. ఒక పెద్ద ఆయుధం, మూడు చిన్నవి పడతాయి. థండర్, మూడు పనిషర్లు పెట్టుకోమనండి. దూరం నుంచి కొడితే థండర్ దెబ్బ చెదిరిపోతుంది, గోడ మలుపు దగ్గర ఎదురుపడితే గుండెలో దించినట్టు ఉంటుంది. అతని సిల్వర్ అంతా లియోకే. రోబో ముందు, థండర్ తర్వాత.

మీ బావ గ్రిఫిన్‌ని మార్చక్కర్లేదు, మీదున్నవి మారిస్తే చాలు. రెండు టారన్లు, రెండు మ్యాగ్నమ్‌లు. 350 మీటర్లు. యాన్సైల్ వాడు కనిపిస్తే అతని పని. రాకెట్లలా ఒక్క ఊపులో ఖాళీ అయిపోవు. అతను ఆయుధాలే పెంచాలి, గ్రిఫిన్ ఇప్పుడున్న లెవెల్లోనే ఉండనీ.

ఇక నువ్వు. కరెంటు పోతే లేచి వెళ్లాల్సినవాడివి బీకన్ మీద ఉండకూడదు. తప్పని కాదు, నీ పనే అలాంటిది. చెరువులో రొయ్య ముందు, బీకన్ తర్వాత. నువ్వు వెనక ఉండు. ఎలాగూ ఉన్న బోవా తీసి ట్రైడెంట్, హైడ్రా పెట్టు. రెండూ 600 మీటర్లు. హైడ్రా లాక్ అయ్యాక వెతుక్కుంటూ పోతుంది. ట్రైడెంట్ పక్కన గోడకి తగిలినా పేలుడు ఆ పక్కనున్నవాడికి తగులుతుంది. తమ్ముడు ఎవరిని కొడుతున్నాడో నువ్వూ వాడినే కొట్టు. నీకు కొత్తవాడు కనిపించినా సరే, వాడిని వదిలెయ్. ముగ్గురి దెబ్బ ఒక్కడి మీద పడితేనే బీకన్ నిలుస్తుంది. నువ్వు మధ్యలో లేచి వెళ్లినా వాళ్లిద్దరి ఆట ఆగదు. నీ సిల్వర్ ట్రైడెంట్‌కి పెట్టు, 3 నుంచి 5 దాకా ఆగకుండా. సిల్వర్ ఒకరిది ఒకరికి ఇవ్వడం ఆటలో కుదరదు కాబట్టి ఎవరు ఏది పెంచాలో ముగ్గురూ మాట్లాడుకునే మొదలుపెట్టాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఎవరైనా పడిపోతే రెండో రోబోతో ఒంటరిగా పరిగెత్తొద్దు. బతికున్నవాడు వెనక్కి తగ్గాలి, పడినవాడు వచ్చి కలవాలి, అప్పుడు కలిసి ముందుకి. ఆ కాసేపట్లో పక్క బీకన్ పోయినా పర్వాలేదు. మ్యాచ్ 10 నిమిషాలు, తిరిగి తీసుకోవచ్చు.

నరసాపురం పంటు:

ఆయ్, ఇప్పుడు అర్థమైంది. నేను ఎప్పుడూ ముందు నిలబడేవాడినే, అందుకే నాకు రోబోయే ముందు అనిపించింది. మా సఖినేటిపల్లి ఫ్రెండ్ వెనక నుంచి ఆడతాడు, అతనికీ ఇదే చెబుతాను.

చెరువుకాపలా:

ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి, ఒక చెరువు పట్టుబడి ఉంది.

ట్రైడెంట్ 5 అయింది. తమ్ముడి లియో 8కి వెళ్లింది. బావకి మాత్రం నచ్చచెప్పడానికి రెండు రాత్రులు పట్టింది, ఓర్కాన్ తీయడానికి మనసు రాలేదు. చివరికి ఒక్క మ్యాచ్ ఆడి చూడమన్నాం. షెంజెన్ మ్యాప్‌లో ఒకడు యాన్సైల్‌తో బీకన్ మీదికి వచ్చాడు. ఇంతకు ముందైతే ముగ్గురం వాడి మీద రాకెట్లన్నీ పోసి ఖాళీ అయ్యేవాళ్లం. బావ ఒక్కడే టారన్లతో దగ్గరికి వెళ్లి పడేశాడు. ఆ తర్వాత ఓర్కాన్ మాట ఎత్తలేదు.

నిన్న రాత్రి రెండున్నరకి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ వేసి, ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో గట్టు మీద నడిచి చూసుకుని వచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది. గెలిచారు. నా బోవా మొదట నిలబెట్టిన చోటే, ఒక్క దెబ్బ కూడా తినకుండా ఉందట. మధ్య బీకన్ చివరిదాకా మాదేనని తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మెసేజ్ తెల్లారేదాకా మూడుసార్లు విన్నాను.

గెలుస్తున్నాం కాబట్టి లీగ్ పైకి వెళ్తోంది, వచ్చేవాళ్లు కూడా గట్టివాళ్లే. అన్నా, తర్వాత నా హైడ్రా పెంచనా, లేక బోవాని 6 చేయనా?

గట్టుమీద:

హైడ్రా. బోవా ఇంకా దెబ్బ తినలేదన్నావు కదా.